కనిపించని పనికి సంఘం ఆమోదం

వైనతేయ కొబ్బరి వర్తకుల సంఘం వారి కంప్యూటరు ప్రోగ్రాములో చేసిన మార్పును పరిశీలించి, ఆమోదముద్ర వేసే బాధ్యతను కేశవరావుగారికి ఏకగ్రీవంగా అప్పగించడమైనది. ఆయన అర్హతను ఎవరూ ప్రశ్నించలేదు. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల ఎండి కురిడీ అయిందో, కుళ్లిందో పగలగొట్టకుండా చెప్పగల మనిషి కొత్తపేట మొత్తానికి ఆయనొక్కరే. కంప్యూటరు కూడా పైన పెంకు, లోపల సరుకు ఉన్న వస్తువే కదా!

అసలు సంగతి ఇది. ఉత్తరాది కొనుగోలుదార్ల ఆర్డర్లు ఆ ప్రోగ్రాములోకే వస్తాయి. తెర మీద విండో తెరిచి ఉన్నంతసేపే వస్తాయి. ఎవరైనా మూలనున్న ఇంటూ గుర్తు నొక్కారా, ప్రోగ్రాము ఆగిపోతుంది, ఆర్డరు పక్క మార్కెట్టుకు పోతుంది. అందుకని గుమస్తా సత్యవేణిగారు రెండేళ్లుగా దాని ముందు కాపలా ఉంటున్నారు. ఇల్లు కాలవ అవతలే అయినా మధ్యాహ్నం భోజనం కారియరులోదే. చల్లారిన అన్నం, అదీ వేళ తప్పి తిని తిని ఆవిడ కడుపులో పుండు పడింది. వేళకి ఇంత వేడిగా తినమని డాక్టరు రాసిచ్చిన చీటీని సంఘం ఫైల్లో భద్రపరిచింది.

ప్రోగ్రాము రాసిన రాజోలు అమ్మాయి లక్ష్మీదుర్గ దీనికి విరుగుడు కనిపెట్టింది. ఇకమీదట ఇంటూ నొక్కితే విండో మాయమవుతుంది గాని ప్రోగ్రాము ఆగదు. బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూ ఆర్డర్లు పట్టుకుంటూనే ఉంటుంది. శనివారంలోగా సంఘం సంతకం పెడితే చాలు, కాపలా అక్కర్లేదు.

కేశవరావుగారు ఆ మార్పంతా రంగుల్లో అచ్చు వేయించారు. కొత్తగా చేర్చిన కోడు వరసలు పచ్చగా, తీసేసినవి ఎర్రగా వచ్చాయి. ముప్పై పేజీలూ చాప మీద పరిచి, కాయలు ఏరినట్టు ఏరి, మూడో రోజున ఆ అమ్మాయిని పిలిపించారు.

"పచ్చవి బాగున్నాయమ్మా. ఎర్రవి పందొమ్మిది వరసలు తీసేసేవు. అవెక్కడున్నాయి?"

"ఎక్కడా లేవండి బాబాయిగారూ. ఇంక వాటితో పని లేదండి."

"పని లేకపోవడమేంటమ్మా! పీచుతో పని లేదా, చిప్పతో పని లేదా? మా సరుకులో పారేసేది ఏదీ ఉండదు. సంఘం సొత్తు, తెచ్చి అప్పగించు."

లక్ష్మీదుర్గ ఆ పందొమ్మిది వరసలూ కాగితం మీద రాసి, కవరులో పెట్టి ఇచ్చింది. కవరు బీరువాలో ఉంది. మంచి బేరం తగిలితే అమ్ముతారు.

ఇక ఆఖరి పరీక్ష. ఇంటూ నొక్కించారు. విండో మాయమైంది. కేశవరావుగారు కంప్యూటరు పెట్టెకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని విన్నారు.

"చప్పుడు లేదు."

"నడుస్తోందండి. ఇదిగో, ఇప్పుడే ఇండోరు ఆర్డరు పట్టుకుందండి."

"పట్టుకుంటే పట్టుకుంది. పనిచేసేది ఎదురుగా కనపడాలా, వద్దా? కనపడని పనిని నమ్మి సంతకం ఎలా పెట్టమంటావు?"

సత్యవేణిగారు చేతులు జోడించారు. "పెట్టేయండి బాబుగారూ. ఒంటిగంటకి ఇంటికెళ్లి రెండు వేడి ముద్దలు తినొస్తాను."

"ఆయ్, మీ కోసమే కదండీ ఇంత శ్రమ పడుతున్నాం!" అన్నారాయన.

శనివారం సభలో అధ్యక్షులు త్రిమూర్తులుగారు ప్రసంగించారు. "సోదరులారా! తెర వెనక పనికి తెర మీద గౌరవం కల్పించిన ఘనత మనది!" మార్పుకు ఆమోదం లభించింది, రెండు చిన్న సవరణలతో. ప్రోగ్రాము బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తున్నంతసేపూ 'బ్యాక్‌గ్రౌండ్‌లో పని జరుగుచున్నది' అన్న బోర్డు తెర నిండా కనపడుతూ ఉండవలెను. ఆ బోర్డు ఆరిపోకుండా ఒక ఉద్యోగి ఎదురుగా కూర్చుని ఉండవలెను. సత్యవేణిగారికి శాలువా కప్పి, పాత కుర్చీలోనే కూర్చోబెట్టారు.

కేశవరావుగారు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేసరికి కంచంలో అన్నం పొగలు కక్కుతోంది. పనసపొట్టు కూర కలుపుకుంటూ, జరిగిందంతా భార్య భవానీదేవిగారికి వివరించారు.

"కనపడని పనిని నమ్మకూడదే."

"ఆయ్," అన్నారావిడ, మజ్జిగ పోస్తూ. "మరి సత్యవేణి భోజనమోనండీ?"

"కారియరుందిగా."

మర్నాటి నుంచి రోజూ ఒంటిగంటకి సత్యవేణిగారి బల్ల మీదికి పొగలు కక్కే కారియరొకటి వస్తోంది. పంపేది భవానీదేవిగారు. కేశవరావుగారికి ఈ సంగతి తెలియదు. చప్పుడు రాదు కదా.

మూడు నెలలకి పుండు మానింది. ఇది సవరణల సత్ఫలితమేనని సంఘం తీర్మానించి, తీర్మానాన్ని డాక్టరు చీటీ పక్కనే ఫైలు చేసింది. ఆ సభకి మనమూ వెళ్లాం. చప్పట్లు కొట్టాం. భోజనం వేళకి ఇళ్లకి చేరుకున్నాం. అన్నం వేడిగానే ఉంది.