మూడోది గేటు దాటలేదు

కారణం లేనిదే కార్యం ఉండదని బాపట్ల కళాశాలలో ఏళ్ళ తరబడి తర్కశాస్త్రం బోధించినదాన్ని. అందువల్ల మా ఇంట్లో చింతపండు తరిగిపోవటానికీ, మా ఆయన జ్ఞానానందంగారికి హఠాత్తుగా భక్తి పెరగటానికీ ఏదో సంబంధం ఉందని నాకు అనుమానం రావటం సహజమే.

ముందు పూర్వరంగం చెప్పాలి. పాడుబడిన మోటారుసైకిళ్ళను కారుచౌకగా కొని, ఇంట్లో విప్పి బాగుచేయటం ఆయన వ్యసనం. రేపల్లెలో కొన్న మొదటిదాని గొలుసు నా ఇడ్లీపాత్రలో, కిరసనాయిలులో నానింది. బాపట్లలో కొన్న రెండోదాని పెట్రోలు ట్యాంకు, రంగు వేయించుకొని, నా దిండు మీద పడుకొని ఆరింది. ఆ రోజే, మూడోది మన గేటు దాటదని ఆయనచేత ప్రమాణం చేయించాను. ఇది ఎనభైల నడిమి మాట. తెనాలిలోని మా ఇల్లు కిరసనాయిలు వాసన వదలటానికి ఒక వర్షాకాలం పట్టింది.

ఆ తరువాతే ఆయన ప్రతి శనివారం సాయంత్రం చర్చిలో పాటల సాధనకు వెళ్ళసాగారు. మా పెళ్ళి ఆరాధనలో కూడా పెదవులు మాత్రమే కదిపిన మనిషి.

“గోళ్ళలో ఆ నలుపేంటండి?” అని అడిగాను.

“హార్మోనియం పాతది.”

“మరి చింతపండు?”

“గొంతుకు మంచిదంట.”

“ఎవరన్నారు?”

“దేవుని పని చేస్తుంటే ఇన్ని ప్రశ్నలేంటి, సామ్రాజ్యం?”

చింతపండు గొంతును చెరుపుతుంది, ఇత్తడిని మెరిపిస్తుంది. ఇది తెలిసి కూడా నా తర్కం దారి తప్పింది. పులుపునూ, రహస్యాన్నీ, శనివారాన్నీ కలిపి, ఎవరో పరాయి స్త్రీ వేవిళ్ళదాకా ఊహించాను. నా నెమలికంఠం రంగు చీర కనిపించకుండా పోయేసరికి ఆ ఊహకు రుజువు కూడా దొరికింది. పుట్టింటికి పెట్టె సర్దుకోవలసిన రోజు వచ్చిందనుకున్నాను.

అంతలో కోతపండుగ వచ్చింది. విశ్వాసులు తెచ్చిన తొలిపంటను చర్చి వెనక షెడ్డులో ఉంచి, ఆరాధన అయ్యాక వేలం వేయటం మా ఆచారం. ఆ రోజు షెడ్డులో ఉన్నదల్లా దేవునిదే. గుమ్మడికాయలు అయ్యాయి, కోళ్ళు అయ్యాయి, భట్టిప్రోలు నుంచి వచ్చిన ధాన్యం బస్తాలు అయ్యాయి. చివరికి నా చీర వచ్చింది. దాని కింద యుద్ధకాలం నాటి మోటారుసైకిలు ఉంది. ఇత్తడి ముక్కలన్నీ బంగారంలా మెరుస్తున్నాయి.

వేవిళ్ళు వాహనానివని అప్పుడు బోధపడింది.

షెడ్డు వాడుకోనిచ్చిన పాత పాస్టరుగారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన మత్తయిగారికి ఈ సంగతి తెలియదు.

“ఇదెవరి కానుకండి, అయ్యగారూ?” అన్నాను.

“పేరు చెప్పుకోలేదమ్మా. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు కదా,” అన్నారాయన, తృప్తిగా.

మా ఆయన ఎడమచేతికీ కుడిచేతికీ కూడా తెలుసు. తనదంటే నాకు దొరికిపోతారు. కాదంటే బండి పోతుంది. అందుచేత తన బండికి తానే వేలం పాడటం మొదలుపెట్టారు. రైసుమిల్లు వరప్రసాదం పోటీకి దిగాడు. ఎన్నడూ పాడని గొంతు ఆ రోజు పైస్థాయి అందుకుంది.

“మీకెందుకండి అది?” అన్నాను.

“దేవుని పని, సామ్రాజ్యం.”

“అయితే నేనూ చేస్తాను,” అని చెయ్యెత్తాను.

టీచరమ్మగారికి ఎదురు పాడటం మర్యాద కాదని వరప్రసాదం తప్పుకున్నాడు. మా ఆయనకు మర్యాదతో పాటు భయం కూడా ఉంది. బండి నాదైంది. ఆయన ముఖం ఇత్తడికన్నా మెరిసింది.

“ఇంటికి తోసుకుపోదామా?”

“మూడోది మన గేటు దాటదన్నారుగా.”

“అన్నాననుకో...”

“మీచేత మాట తప్పించిన పాపం నాకెందుకండి?” అని, పక్క ఊరు నందివెలుగులో ఆరాధనకు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళే మత్తయిగారికి దాన్ని కానుకగా ఇచ్చేశాను.

అయితే మత్తయిగారికి మోటారుసైకిలు నడపటం రాదు. తత్ఫలితంగా ఆదివారాలు ముందు మా ఆయన, వెనక పాస్టరుగారు. శనివారాలు దానికి సేవ.

అలాంటి ఒక శనివారం బండి మా గేటు బయట ఆగింది. మా ఆయన దాన్ని అక్కడే నిలబెట్టి, ఖాళీ చేతులతో లోపలికి వచ్చారు.

“కాస్త చింతపండు పెడతావా?”

“దేనికండి?”

ఆయన తలవంచుకున్నారు. “దేవుని పనికి.”

ఈసారి అది నిజమే.