జుట్టు మీద సర్క్యులర్

ఎవరి జుట్టును వాళ్లకు వదిలేయడమంత అనర్థం లోకంలో ఇంకొకటి లేదు!

కోప్పడకండి. ఈ మాట ఊరికే అనడం లేదు. చరిత్ర చదివి, అద్దం చూసుకుని, మా ఇంట్లో జరిగిందంతా కళ్లారా చూసి మరీ అంటున్నాను. నా జుట్టు సంగతంటారా? దాన్ని ప్రకృతి ఏనాడో తేల్చేసింది. చెవుల మీద కాస్త అంచు మిగిల్చి పైనంతా చదును చేసింది. కాబట్టి ఈ విషయంలో నాకంటే నిష్పక్షపాతంగా మాట్లాడేవాడు మీకు దొరకడు.

మా ఆవిడ ఒక పళ్ల ఆసుపత్రిలో రిసెప్షనిస్టు. చాలా శాఖలున్న పెద్ద ఆసుపత్రి అది. దానికి హెడ్డాఫీసుంది. ఆ హెడ్డాఫీసులో జుట్టు గురించి ఆలోచించడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టారు. వాళ్లు బాగా ఆలోచించి ఒకరోజు సర్క్యులర్ పంపారు. ముందు కౌంటర్లో కూర్చునే స్త్రీ ఉద్యోగుల జుట్టు తిన్నగా, నున్నగా, భుజాలు దాటకుండా, అందరిదీ ఒకే తీరుగా ఉండవలెను. నమూనా ఫొటో జతచేయడమైనది. పాటించనివారిని వెనక, పరికరాలు కడిగే గదికి మార్చడం జరుగును.

దీనికి వాళ్లు పెట్టిన పేరు ప్రొఫెషనల్ లుక్.

ఎంత దూరదృష్టి! చెంప వాచి, కళ్లనీళ్లు పెట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చే మనిషి మొట్టమొదట గమనించేది రిసెప్షనిస్టు పాపిడే కదా! ఉంగరాల జుట్టు కనబడితే చాలు, పన్ను పీకించుకోకుండానే వెనక్కి వెళ్లిపోడూ?

మా ఆవిడది ఉంగరాల జుట్టు. మామూలు ఉంగరాలు కావు. పెళ్లయిన కొత్తలో ఒకసారి తలలో పెన్సిలు గుచ్చుకుని, అది కనబడక ఇల్లంతా గాలించింది. దువ్వెనలు ఆ జుట్టులోకి వెళ్లడమే గానీ పళ్లన్నిటితో బయటికి రావడం నేను చూడలేదు. అది మా అత్తగారి నుంచి వచ్చిన ఆస్తి. ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే వెనకున్నవాళ్లకు టీవీ కనబడదు.

ఆ కౌంటరంటే మా ఆవిడకు ప్రాణం. భయపడుతూ వచ్చినవాణ్ణి కబుర్లలో పెట్టి, నవ్వించి లోపలికి పంపడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదంటుంది. పరికరాలు కడిగే గదిలో మాట్లాడటానికి మనిషుండడు, కిటికీ కూడా లేదు. అక్కడికి పంపిస్తారేమోనని ఆవిడకు నిద్ర పట్టడం మానేసింది.

"ఏమండీ, జుట్టుకీ పళ్లకీ సంబంధం ఏమిటండీ?" అంది సర్క్యులర్ నా చేతిలో పెట్టి.

పాపం, చరిత్ర చదువుకోలేదు! జుట్టుకి అన్నిటితోనూ సంబంధం ఉంది. పూర్వం ఒక మహాసామ్రాజ్యాన్ని బయటివాళ్లు గెలిచారు. గెలిచీ గెలవగానే వాళ్లు చేసిన పనేమిటి? కాలవలు తవ్వించారా? మగవాళ్లందరూ తల ముందు భాగం గొరిగించుకుని వెనక పొడుగాటి జడ వేసుకోవాలని హుకుం జారీ చేశారు. జుట్టు ఉంచుకుంటారో, తల ఉంచుకుంటారో మీ ఇష్టం అన్నారు. ఎంత ప్రజాస్వామ్యం! రెండు ఆప్షన్లు ఇచ్చారు. చాలామంది తలే ఉంచుకున్నారు. తరాలు గడిచాయి. జడ అలవాటైంది, ముద్దొచ్చింది, పరువైంది. అప్పుడు ఇంకో ప్రభుత్వం వచ్చి, జడ ఉన్నవాడు వెనకబడ్డవాడు, కత్తిరించెయ్యండి అంది. వీధుల్లో కత్తెరలు పట్టుకుని మరీ తిరిగారు. జడ పోయిందని భోరున ఏడ్చినవాళ్లున్నారు.

ఇంకొక చోట జుట్టు పల్చబడిందని రాజుగారు విగ్గు పెట్టుకున్నారు. మర్నాటికి దర్బారులో బంగారంలాంటి జుట్టున్నవాళ్లు కూడా గుండు కొట్టించుకుని విగ్గులు పెట్టుకున్నారు! ఆ విగ్గుల మీద పిండి చల్లుకున్నారు. కొన్నాళ్లకు ఆడవాళ్లు జుట్టును గోపురంలా లేపి, దాని మీద బొమ్మ ఓడలు పెట్టుకున్నారు. నవ్వకండి. ఇవాళ్టికీ కొన్ని కోర్టుల్లో గుర్రపు వెంట్రుకల విగ్గు నెత్తిన ఉంటే తప్ప న్యాయం నోరు తెరవదు. నడినెత్తి గొరిగించుకుని వెనక పిలక ముడేసుకున్నవాణ్ణే వీరుడన్న దేశం ఉంది. ఆ పిలకే నామోషీ అని తర్వాత కోయించుకోమన్నదీ ఆ దేశమే.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? పైవాడికి తోచినట్టు కిందవాడి జుట్టు ఉండాలి. పైవాడు ఒకప్పుడు గుర్రమెక్కి వచ్చేవాడు, ఇప్పుడు ఈమెయిల్లో వస్తున్నాడు. ఈ మహత్తర సంప్రదాయంలో మా ఆవిడకు కూడా చోటు దొరికినందుకు గర్వపడమన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయలేను.

అలా మా ఇంట్లోకి హెయిర్ స్ట్రెయిట్‌నర్ అనే యంత్రం వచ్చింది. అది రావడంతో కలిగిన మేళ్లు ఒకటా రెండా! అలారంతో పని లేకుండా పోయింది. తెల్లారేసరికి జుట్టు కాలిన కంపు ముక్కుకి తగిలితే ఎంత మొద్దునిద్రలో ఉన్నా లేచి కూర్చునేవాణ్ణి. ఆవిడకు చెవి కొసలూ మెడా కాలడం వల్ల మందుల షాపువాడితో స్నేహం కుదిరింది. ఆవిరి తగిలితే ఉంగరాలు మళ్లీ లేస్తాయి కదా, అందుకని పొయ్యి మీద గిన్నెల మూతలు తీసే పనంతా నా నెత్తిన పడింది. నా నెత్తిని ఆవిరి మాత్రం ఏం చెయ్యగలదు? నాలుగు చినుకులు పడితే ఆవిడ తలకు ప్లాస్టిక్ సంచీ కట్టుకుని బస్సెక్కేది. అంతకంటే ప్రొఫెషనల్ లుక్ ఉంటుందా!

మా అత్తగారు ఊరినుంచి వచ్చి, గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"నా జుట్టే నీకిచ్చాను. అక్కర్లేకపోతే తిరిగిచ్చెయ్, అంతేగానీ అలా కాల్చకే!" అంది.

"ఉద్యోగం కోసమమ్మా."

"పళ్లు పీకే ఉద్యోగమేగా? వాళ్లను పళ్లే పీకుకోమను, నీ నెత్తి జోలికెందుకూ?"

పాతకాలం మనిషి. కార్పొరేట్ కల్చర్ తెలియదు.

ఇక ఆసుపత్రిలో ఎంత క్రమశిక్షణ వచ్చిందో చెప్పాలి. కౌంటర్లో ముగ్గురు కూర్చుంటారు. ముగ్గురికీ ఒకే జుట్టు, ఒకే చొక్కా, ఒకే చిరునవ్వు. వారానికోసారి హెడ్డాఫీసు నుంచి ఒక పర్యవేక్షకురాలు వచ్చి, ట్యాబ్‌లో నమూనా ఫొటో తెరిచి, ఒక్కొక్కరి తల పక్కనే పెట్టి సరిచూసేది. సిబ్బంది ఆవిడకు ఇస్త్రీ మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. మా ఆవిడ సెలవడిగితే పెద్ద డాక్టరుగారు వెంటనే మంజూరు చేశారు, పక్కమ్మాయికి! ఆ పిల్ల కిక్కురుమనకుండా సినిమాకి చెక్కేసింది. ఒక పెద్దాయన వచ్చి, నువ్వు చెప్పిన టైముకొస్తే డాక్టరు లేడేమిటమ్మా అని ఆ రోజే ఉద్యోగంలో చేరిన అమ్మాయిని పట్టుకుని ఉతికి ఆరేశాడు. ఇంతకు మించిన సమానత్వం ఎక్కడైనా ఉందా?

ఒక్కచోట మాత్రం చిన్న ఇబ్బంది వచ్చింది. ఆసుపత్రికి ఒక చిన్నపిల్ల వస్తుండేది, పాలపళ్లన్నీ పుచ్చిపోయాయి. కుర్చీ చూస్తే చాలు కెవ్వుమనేది. మా ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఆ ఉంగరాల్లో వేలు పెట్టి లాగడం, వదలడం, అది ఎగిరితే నవ్వడం. అలా నవ్వుతుండగా డాక్టరు పని కానిచ్చేసేవారు. ఆ పిల్ల మా ఆవిడకు పెట్టిన పేరు స్ప్రింగు ఆంటీ. సర్క్యులర్ తర్వాత మళ్లీ వచ్చింది. ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది.

"స్ప్రింగు ఆంటీ ఏదీ?"

"నేనేనమ్మా! దా, ఇలా రా."

"నువ్వు కాదు. నువ్వు అబద్ధం చెప్తున్నావ్."

అని వాళ్లమ్మ చీర కొంగులో దూరి ఒకటే ఏడుపు. ఎంతమంది బతిమాలినా నోరు తెరవలేదు, పళ్లు అలాగే ఇంటికి తీసుకుపోయింది. ఆ రోజు మా ఆవిడ ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయింది. కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా చేత్తో పట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అంటారా? ఆ పిల్ల మీదే! ఇంత చిన్న వయసులోనే బ్రాండ్ వాల్యూ తెలియకపోతే ఎలా?

అంతలో రెండో సర్క్యులర్ వచ్చింది.

హెడ్డాఫీసువాళ్లు ఒక సలహాదారుణ్ణి పెట్టుకున్నారట. ఆయన సర్వే చేయించి, సహజంగా కనబడే మనుషుల్నే పేషెంట్లు నమ్ముతారని కనిపెట్టాడట. అందుచేత ఇకపై కౌంటర్ సిబ్బంది అందరూ న్యాచురల్ లుక్‌తో ఉండవలెను. న్యాచురల్ అనగా ఒత్తుగా, వదులుగా, ఉంగరాలు తిరిగిన జుట్టు. నమూనా ఫొటో జతచేయడమైనది.

ఆ ఫొటో చూసి మా అత్తగారు, "ఇది చిన్నప్పటి నేనే!" అంది.

మా ఆవిడ ఆనందం చూడాలి! యంత్రాన్ని అటక మీద పడేసింది. తలారా నీళ్లు పోసుకుని, తడిజుట్టుతో అద్దం ముందు కూర్చుని ఉంగరాల కోసం ఎదురుచూసింది. జుట్టు ఆరింది. వెనక అక్కడక్కడా రెండు మూడు చుట్టలు లేచాయి. ముందు భాగమంతా చీపురు పుల్లల్లా అలాగే నిలబడింది. నెలల తరబడి కాల్చిన జుట్టు, ఏ సర్క్యులర్ వచ్చినా ఇక లేవదు. కొబ్బరినూనె రాసింది, వేలికి చుట్టి పిన్నులు పెట్టుకుని పడుకుంది. ఊహూఁ.

తనిఖీ రోజు ఇస్త్రీ మేడమ్ కూడా నెత్తి నిండా కొత్త ఉంగరాలతో దిగింది. ట్యాబ్ తీసి మా ఆవిడ తల పక్కన పెట్టి పెదవి విరిచింది.

"ఇది న్యాచురల్‌గా లేదమ్మా."

"ఇది నా పుట్టు జుట్టు మేడమ్!"

"పుట్టుకతో వస్తే సరిపోదు కదా. ఫొటోతో కలవాలి. మనకు టై-అప్ ఉన్న సెలూన్ ఉంది, అక్కడ న్యాచురల్ ప్యాకేజీ చేయించుకో. మీ పక్కమ్మాయి చూడు, ఎంత సహజంగా ఉందో."

పక్కమ్మాయిది పుట్టినప్పటినుంచీ దారంలాంటి జుట్టు.

అయ్యా, అమ్మా, ఇక్కడ మీరు నా వాదంలో లోపం వెతుకుతారని తెలుసు. ఆవిడ జుట్టును కాల్చేసుకోమన్నవాళ్లే, మళ్లీ అదే జుట్టును ఆవిడకు అమ్ముతున్నారని అంటారు. అనండి. ఆర్థిక శాస్త్రం అంటే అదే కదా!

మా ఆవిడ మాత్రం ఆ సెలూన్‌కి వెళ్లలేదు. మా వీధి చివర బ్యూటీ పార్లర్‌కి వెళ్లి, కాలిందంతా తీసెయ్యమంది. కాలనిది కుదుళ్ల దగ్గర కాస్తే మిగిలింది. ఇంటికొచ్చి నా ఎదురుగా నిలబడింది. నా నెత్తి తడుముకుని, "ఇంకొంచెం కత్తిరించి ఉంటే నన్ను దాటిపోయేదానివే!" అన్నాను. ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. మా అత్తగారు మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు కౌంటర్లో ఇస్త్రీ మేడమ్, "ఇదేం స్టైలు?" అందట.

"స్టైలు కాదు మేడమ్. ఇప్పుడే మొలుస్తోంది" అందట మా ఆవిడ.

ఆ మధ్యాహ్నమే ఆవిణ్ణి పరికరాలు కడిగే గదికి మార్చారు.

చింతించవలసిన పనేమీ లేదు. అక్కడ శుభ్రత కోసం తలకు టోపీ పెట్టుకోవాలి. టోపీ కింద ఏముందని ఎవరూ అడగరు. పొడుగా, పొట్టా, తిన్ననా, వంకరా, తెల్లా, నల్లా, ఏ ఫొటోతోనూ పోల్చరు. ఆసుపత్రి మొత్తం మీద మనిషి జుట్టు మనిషికి నచ్చినట్టు పెరగడానికి అనుమతి ఉన్న చోటు అదొక్కటే. ఇంత స్వేచ్ఛ ప్రసాదించిన హెడ్డాఫీసుకి నేను కృతజ్ఞతాపూర్వకంగా ఉత్తరం కూడా రాద్దామనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి ఆ టోపీ కింద ఆవిడ ఉంగరాలన్నీ మళ్లీ లేచాయి. మొన్న సాయంత్రం ఆవిణ్ణి ఇంటికి తీసుకురావడానికి ఆసుపత్రికి వెళ్లాను. అద్దాల తలుపు తీసేసరికి కౌంటర్లో, అటు తిరిగి ఫైలు సర్దుకుంటున్న ఒక తల కనబడింది. ఒత్తుగా, గుండ్రంగా, ఉంగరాల మీద ఉంగరాలు. నా ప్రాణం లేచొచ్చింది. బుద్ధొచ్చి మళ్లీ ముందుకి పిలిచారన్నమాట! నలుగురూ చూస్తున్నారన్న సిగ్గైనా లేకుండా, "ఏమోయ్!" అని కేకేశాను.

ఇటు తిరిగింది. ఎవరో అమ్మాయి, నేనెప్పుడూ చూడలేదు. ఫొటోలో ఉన్న చిరునవ్వే నవ్వింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంప మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "నొప్పి ఎక్కడ సార్?" అని అడిగింది.

నేను వెనక గది తలుపు వైపు వేలు చూపించాను.

"టాయిలెట్ అటు కాదు సార్, కుడివైపు" అంది.