మంచు పడరాదని తీర్మానం

పెద్ద పెద్ద అడవుల్లోకెల్లా పెద్దదైన ఒక అడవిలో, కొండ నెత్తిన, మంచు కోసం ఎదురుచూసే సంఘం ఒకటి ఉండేది. పొగమంచు కాదండోయ్, అది ఏటా ఉండేదే. నేలమీద తెల్లగా పేరుకునే అసలు మంచు. అది తాతల కాలంలో ఒక్కసారి పడిందట. చూసినవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు గానీ, చూశామని చెప్పేవాళ్ళు ఏటికేడూ పెరుగుతూనే ఉన్నారు.

వానలు వెనకపట్టగానే సంఘంవాళ్ళు సాయంత్రాలు ఒక చదును బండ మీద చేరేవారు. ఈ చలికాలం మంచు పడుతుందా, పడితే ఎప్పుడు, ఎంత లోతు, ఇదే చర్చ. కడుపు నిండినవాళ్ళ కాలక్షేపం, ఎవరికీ నష్టం లేదు. గంతులమ్మ అనే కుందేలుకు మాత్రం అది పిల్లల ప్రాణాల సంగతి.

గంతులమ్మ కాపురం కొండ మీదే, గడ్డి మధ్య ఒక పొదలో. ఇంకా నాలుగు గంతులైనా సరిగా వేయలేని పిల్లలు. మంచు పడిందంటే పొదతో సహా పిల్లలు గడ్డకట్టుకుపోతారు. కింద వెచ్చటి గుహలున్నాయి. కానీ గుహలకు వెళ్ళాలంటే చెట్టూ చేమా లేని బోడి వాలు దిగాలి. ఆ వాలు మీద పొద్దస్తమానం ఒక గద్ద చక్కర్లు కొడుతుంటుంది. పిల్లల్ని ఒక్కొక్కరినీ నోట కరుచుకుని దాని కింద నుంచి పరిగెత్తాలంటే తల్లికి గుండె జారిపోదూ?

అంచేత, మంచు పడేట్టయితే పొదలో ఉండకూడదు, పడనట్టయితే పొద దాటకూడదు. ఏదో ఒకటి ముందుగా తెలిస్తే చాలు. మొగుడు చెవులయ్యను అడిగితే, రేపు చూద్దాంలే అని అటు తిరిగి పడుకున్నాడు. సరే, పెద్దవాళ్ళు నలుగురు కూర్చునే చోటే అడుగుదామని ఆవిడ బండ దగ్గరకు బయలుదేరింది.

సంఘానికి అధ్యక్షులు నెమలి పింఛాలరావు గారు. ఆయన ఆడితే వాన వస్తుందని అడవిలో పేరు. మబ్బు పట్టాకే ఆయన ఆడటానికి లేస్తారన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. రేపేమవుతుందని అడిగితే ఆయనకు చిన్నతనం. రేపటి సంగతి చెబితే జనం రేపే వచ్చి పట్టుకుంటారు. రెండు మూడు నెలల తర్వాతి సంగతైతే హాయి, అప్పటికి అడిగినవాడికే గుర్తుండదు. ఆ విద్యకు దూరకాలపు అంచనా అని పేరు పెట్టుకున్నారు.

ఆయన పక్కన ఎలుగుబంటి భల్లూకం మాస్టారు. కీళ్ళనొప్పుల్ని బట్టి మంచు లోతు చెప్పడం మాస్టారి శాస్త్రం. ఉత్తరాది నుంచి వలస వచ్చే బాతుల్ని పట్టుకుని అక్కడి కబుర్లు మోసుకొచ్చేది చిలక కీరవాణి. అందరూ చెప్పింది విని, అందరికీ తల ఊపే కార్యదర్శి నక్క సర్వేశం.

గంతులమ్మ చేతులు కట్టుకుని అడిగింది. మాస్టారు మోకాలు నిమురుకుని, ఈసారి మోకాలి లోతు ఖాయం అన్నారు. బాతులు వచ్చిన చోటే మంచు లేదట, ఇక్కడికెక్కడిదని కీరవాణి అడ్డొచ్చింది. మాట మీద మాట పెరిగింది.

ఇలాంటప్పుడు ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి మనసూ నొప్పించకుండా రెండింటికీ మధ్యన ఒకటి తీస్తారు. మోకాలి లోతుకూ, అసలు లేకపోవడానికీ మధ్యన చీలమండ లోతు తేలింది. తర్వాత తోకలెత్తి ఓటు. పింఛాలరావు గారి తోకలో ఎన్ని ఈకలుంటే అన్ని ఓట్లు, కాబట్టి ఆయన విప్పాక లెక్క అనవసరం. మాస్టారి తోక ఆ బొచ్చులో ఎక్కడుందో మాస్టారికే తెలియదు, అందుకని ఆయన ఎప్పుడూ తటస్థం. అలా అమావాస్యకు చీలమండ లోతు మంచు పడుతుందని నెగ్గింది.

"అయితే పిల్లల్ని కిందికి దింపనా బాబూ, వద్దా?" అంది గంతులమ్మ.

బండ మీద అందరూ ఇబ్బందిగా చూశారు. ఇంత గొప్ప చర్చ జరిగాక అంత మొరటుగా అడుగుతారని వాళ్ళనుకోలేదు.

"చూడమ్మా, సూచన చెప్పడం వరకే మా పని. దాన్ని నమ్మడం, నమ్మకపోవడం మీ సొంత బాధ్యత," అన్నాడు సర్వేశం.

గంతులమ్మ నమ్మింది. ఆలుమగలిద్దరూ పిల్లల్ని కరుచుకుని వాలు దిగారు. గద్ద ఒక్క దూకు దూకి చెవులయ్య వీపు మీద గుప్పెడు బొచ్చు పట్టుకుపోయింది. గుహలో చూస్తే ముళ్ళపందుల సంసారం. ముళ్ళపందుల మధ్య ఒత్తిగిలి పడుకోవడం ఎంత సుఖమో నేను వేరే చెప్పక్కర్లేదు. అమావాస్య వచ్చింది, వెళ్ళింది. మర్నాడు ఎండ ఫెళ్ళున కాసింది.

పిల్లల్ని మళ్ళీ పైకి మోసుకొచ్చి, గంతులమ్మ రొప్పుతూ బండ దగ్గరకు వెళ్ళింది. పింఛాలరావు గారేమీ తొణకలేదు. మంచు ఆలస్యం చేసిందే తప్ప సూచనలో తప్పేమీ లేదన్నారు. ఈసారి పౌర్ణమి అన్నారు. గంతులమ్మ మళ్ళీ పిల్లల్ని దింపింది, పౌర్ణమి పిండారబోసినట్టు వెలిగిందే గానీ చిటికెడు మంచు పడలేదు. తిరిగొచ్చేటప్పుడు గద్ద గోరు చిట్టచివరి పిల్ల వీపు మీద గీసుకుంది. చర్మం చిట్లింది, అంతే. అయినా ఆ పూటంతా గంతులమ్మ ఆ గీత నాకుతూనే కూర్చుంది. భయం, దాని వెనకే చెప్పలేనంత కోపం.

ఆ కోపంలోనే ఆవిడకో ఆలోచన తట్టింది. మంచు సంగతి తేలేది తోకలతోనే కదా. కుందేళ్ళ జాతిలో తోకలకేం కరువు? ఎవరో ఓటేసి మంచు పడుతుందంటున్నప్పుడు, తాము ఓటేసి పడదని ఎందుకు అనకూడదు?

ఇంత సుళువైన ఉపాయం ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదా అని తన చెవులు తనే లాక్కుంది పిచ్చి తల్లి. పొద పొదకీ తిరిగింది, వదినల్నీ మరదళ్ళనీ బతిమాలింది. ఆ సంఘంలో సభ్యత్వం కష్టమేమీ కాదు. మన చిన్నప్పటి చలికాలాలు ఇప్పుడెక్కడివండీ అని నిట్టూర్చగలిగితే చాలు, చేర్చుకుంటారు. పుట్టి నెల తిరగని కుందేళ్ళతో సహా అందరూ వరసగా నిట్టూర్చి సభ్యులైపోయారు.

ఓటింగు నాడు బండ కిందికంటా తెల్ల తోకలే. పింఛాలరావు గారు ధీమాగా పురి విప్పారు. సర్వేశం ఆ పురినీ చూశాడు, ఈ తోకల్నీ చూశాడు. ఇకనుంచి ఒక ఒంటికి ఒకటే తోక అని అప్పటికప్పుడు నిబంధన చదివాడు. గాలి ఎటు వీస్తుందో చెప్పడంలో ఆ సంఘం మొత్తానికి నిజమైన నిపుణుడు అతనొక్కడే.

ఈ చలికాలం మంచు పడరాదని తీర్మానం నెగ్గింది. గంతులమ్మ అధ్యక్షురాలైంది.

మొదటి రోజు పిల్లల కోసమే అధ్యక్షులు కూర్చునే ఎత్తు రాతి మీద కూర్చుంది. మర్నాటికి ఆ రాయి నచ్చింది. దారిలో లేళ్ళు పక్కకు తప్పుకుని దణ్ణం పెడుతున్నాయి, భల్లూకం మాస్టారు అమ్మా అని లేచి నిలబడుతున్నారు. జన్మలో ఎవరూ తనను చూసి లేచి నిలబడింది లేదు. చెప్పొద్దూ, చాలా బాగుంది.

ఒకరోజు చెవులయ్య ఆకాశం చూసి, "ఏమేవ్, మబ్బు ఎప్పట్లా లేదు. గాలి కూడా కోసేస్తోంది. పిల్లల్ని ఓసారి దింపుదామా?" అన్నాడు.

"తీర్మానం అయిపోయిందిగా," అంది గంతులమ్మ, ముఖం కడుక్కుని సభకు బయలుదేరుతూ.

ఆ సాయంత్రం సభలో వచ్చే ఏటి మంచు గురించి చర్చ. పింఛాలరావు గారు మాట్లాడుతుండగా ఆయన మెడ మీద తెల్లగా ఏదో వాలింది. విదిలించుకున్నారు. ఇంకోటి వాలింది. తర్వాత బండ మీద, మాస్టారి బొచ్చు మీద, ఎక్కడ చూస్తే అక్కడ. సభ అంతా తలలెత్తి ఆకాశం చూసింది.

ముందు తేరుకున్నది పింఛాలరావు గారే. జీవితమంతా మంచు కోసం కలవరించిన మనిషి, ఎగిరి గంతేస్తారనుకుంటాం కదా. కానీ ఆయన చివరి సూచన పౌర్ణమికి. ఇవాళ పడేది మంచే అయితే ఆయన మాట తప్పినట్టు. ఇది తాను చెప్పిన మంచు కాదని తేల్చేశారు. మోకాలి లోతు వస్తే తప్ప తన కీళ్ళు ఒప్పుకోవన్నారు మాస్టారు. బాతులు ఈ మాటే ఎత్తలేదంది కీరవాణి.

"అధ్యక్షుల వారు సెలవివ్వాలి," అన్నాడు సర్వేశం వినయంగా.

గంతులమ్మ ముంగాలి మీద ఒక రేకు పడి చురుక్కుమంది. పిల్లలు కళ్ళముందు కదిలారు.

"తీర్మానం ప్రకారం ఇది మంచు కాదు. సభ వాయిదా," అంది.

ఆ మాట పూర్తవుతూనే రాతి మీద నుంచి దూకి పరుగందుకుంది. తనేం చేసిందో, ఎందుకు చేసిందో అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది. పొద సగం కప్పుకుపోయి ఉంది. చెవులయ్య పిల్లల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. అతని వీపంతా తెల్లగా ఉంది, కింద పిల్లలు మాత్రం వెచ్చగా ఉన్నారు. ఇద్దరూ పిల్లల్ని కరుచుకుని వాలు దిగారు, మళ్ళీ ఎక్కారు, మళ్ళీ దిగారు. ఆ మంచు తెరలో గద్దకు తన రెక్కే కనిపించలేదేమో, దాని జాడే లేదు. గుహలో ముళ్ళపందులు కాస్త జరిగి చోటిచ్చాయి. చివరి పిల్లను దింపాక గంతులమ్మ దాన్ని పొట్ట కింద పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పొద్దెక్కేసరికి మంచంతా కరిగిపోయింది. గంతులమ్మ బండ దగ్గరకు వెళ్ళింది, అధ్యక్షురాలు కదా. సంఘంవాళ్ళు రాత్రంతా బండ చాటున, రాతికేసి ముఖాలు తిప్పుకుని కూర్చున్నారట. ఎవరూ ఏమీ చూడలేదు. ఈ చలికాలం మంచు పడలేదని ఏకగ్రీవంగా ఖరారు చేసి, ఆవిడ రాతిని తుడిచి ఉంచారు. గంతులమ్మ ఒక్క క్షణం తటపటాయించి, ఎక్కి కూర్చుంది.

సభ అయ్యాక పింఛాలరావు గారు వెనకే వచ్చారు. ఎవరూ లేకుండా చూసి, "ఎలా ఉందమ్మా? మెత్తగా ఉందా?" అని గొంతు తగ్గించి అడిగారు. ఆయన కళ్ళలో ఆశ చూస్తే జాలేసింది. కానీ కాస్త దూరంలో సర్వేశం చెవి ఇటే తిరిగి ఉంది.

"ఏది రావు గారూ?" అని నడిచిపోయింది గంతులమ్మ.

గుహలో చిట్టచివరి పిల్ల ఎదురొచ్చి, రాత్రిలా తెల్లగా మళ్ళీ ఎప్పుడు పడుతుందని అడిగింది.

"ఏమీ పడలేదు నాన్నా," అంది గంతులమ్మ.

"మరి నన్ను పట్టుకుని ఎందుకేడ్చావమ్మా?"

గంతులమ్మ దాని వీపు నాకుతూ ఉండిపోయింది. ఆ విషయమై సంఘం ఇంకా ఏమీ తీర్మానించలేదు.

నీతి: మంచు పడుతుంటే పరిగెత్తడం ప్రాణానికి మంచిది, పడనేలేదనడం పదవికి మంచిది.