నల్ల తెర మీద అనుమానం

లాల్‌పేట్‌లో ఫోటో స్టూడియో నడిపే రాయమల్లు ఆ ఉదయం ఒక్కటే పని పెట్టుకున్నాడు: మధుకర్ పెద్ద కూతురి పెళ్లి ఫోటోలు అప్పగించడం. వరోరా నుంచి వియ్యంకులు వాటికోసమే వస్తున్నారు. ఇవి నచ్చితే చిన్న కూతురి పెళ్లి పనీ తనకే. ఫోటోలన్నీ ఫోన్‌లో పంపేలా చిన్నవి చేస్తే చాలు.

కొత్తగా పనిలో చేరిన జ్యోతి మౌస్‌ను పక్కకు నెట్టి, నల్ల తెర తెరిచి, తెల్ల అక్షరాలు కొడుతోంది. రాయమల్లు దగ్గరికొచ్చి తొంగిచూశాడు. టీవీలో బ్యాంకులు దోచే దొంగల ముందు ఉండేది అచ్చం ఇలాంటి తెరే.

"ఏందే పిల్లా, గీ నల్లగున్నదేంది?"

"దీన్ని కమాండ్ అంటరు కాకా, కంప్యూటర్‌కు రాసి జెప్పుడన్నట్టు. ఒక్క లైన్ కొడితే ఫోటోలన్ని ఒక్కపారే చిన్నగైతయి. మౌస్‌తోని ఒక్కొక్కటి నొక్కుకుంట కూసుంటే పొద్దుగూకుతది."

"నొక్కితే నా కండ్లకు కనబడ్తది. నువ్వు రాసేది ఎవలికి పోతుందో ఎవలికెరుక? లే, చాయ్ తేపో."

ఆమె అటు వెళ్లగానే, పెళ్లి ఫోల్డర్‌ను భద్రంగా ఓ మూలకు దాచాలని మౌస్‌తో లాగాడు. మధ్యలోనే వేలు జారింది. దారిలో ఉన్న ఇంకో ఫోల్డర్ దాన్ని మింగేసింది. అతడికి కనబడింది మాత్రం ఖాళీ.

"దోసుకపోయింది!" అని కేక పెట్టాడు. పక్క టైర్ల దుకాణం ఎల్లేష్ పరుగున వచ్చి విన్నాడు. వినడంతో ఆగే మనిషి కాదు, మధుకర్‌కు ఫోన్ కొట్టాడు. "అన్నా, మీ పెండ్లి మొత్తం ఎవలో ఎత్తుకపోయిన్రు!"

మధుకర్, అతని భార్య నర్సక్క, వియ్యంకులు వచ్చి దుకాణం ముందే కొయ్యబారిపోయారు. గిరాకీ కోసం రాయమల్లు బయట ఒక టీవీ పెట్టాడు. చనిపోయినవాళ్ల ఫోల్డర్‌లో ఏ ఫోటో పడ్డా దండతో, దీపంతో, 'శ్రద్ధాంజలి' అన్న మాటతో అందులో తిరుగుతుంది. ఇప్పుడందులో కొత్త అల్లుడు నవ్వుతున్నాడు.

"అయ్యో అల్లుడా! పొద్దుగాలనే గద ఫోన్ల మాట్లాడితివి!" అని నర్సక్క శోకం అందుకుంది. తర్వాతి బొమ్మలో దండ కింద తనే కనబడేసరికి శోకం మధ్యలో ఆగింది.

"గీ పిల్లనే జేసింది! గా నల్ల తెర!" అన్నాడు రాయమల్లు, అప్పుడే చాయ్‌తో వచ్చిన జ్యోతిని చూపిస్తూ.

జ్యోతి చాయ్ గ్లాసులు దించి ఒక లైన్ కొట్టింది. చనిపోయినవాళ్ల ఫోల్డర్‌లోంచి పెళ్లి ఫోల్డర్ బయటికొచ్చింది. ఇంకో లైన్ కొట్టింది. ఫోటోలన్నీ చిన్నవయ్యాయి. తర్వాత తెరను మధుకర్ వైపు తిప్పింది.

"నేను కొట్టిన లైన్లన్ని గిక్కడనే ఉన్నయి, సూసుకోండ్రి. మౌస్ ఏం జేసిందో యాడ రాసి లేదు. గది కాకనే జెప్పాలె."

అందరి చూపూ ఇంకా మౌస్‌ను వదలని రాయమల్లు చేతి మీద పడింది.

"మా చిన్నబిడ్డ పెండ్లి పని గూడ మీకే" అన్నాడు మధుకర్ జ్యోతితో. "కని గాయన చెయ్యి పెట్టొద్దు."

ఆ రోజు నుంచి రాయమల్లు నల్ల తెరను అనుమానించలేదు. దుకాణం మూసేటప్పుడు మౌస్‌ను మాత్రం బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాడు.