పురటాసి చెంబూ, ఏడు గంటల సీరియలూ

పెండ్లాం ఊరికి పోతే మొగుడికి దక్కేది ఏమిటని పోదనూరు తంగవేల్‌ని అడిగి చూడండి. తడుముకోకుండా చెప్తాడు: రిమోటు.

ఆ ఇంట్లో సాయంత్రం ఏడు గంటలు గోమతివి. ఏడయితే చాలు, ఏదో ఒక సీరియల్లో ఎవరో ఒక కోడలు ఏడుపు అందుకుంటుంది. పొద్దస్తమానం తన షాపులో గ్రైండరు మోటార్లకు కాయిల్ చుట్టి వేళ్లు కొంకర్లు పోయి వచ్చిన మనిషి కబడ్డీ చూడాలంటే టీకొట్టు ముందు నిలబడి మెడ నిక్కించాలి. సొంత టీవీ ఇంట్లో పెట్టుకుని ఊరి టీవీ చూసే మగాడు జిల్లాలో తనొక్కడే అని తంగవేల్ కుమిలిపోయేవాడు. ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పుకోరు, అంతే.

అలాంటివాడికి అదృష్టం మలేసియా వైపు నుంచి వచ్చింది. గోమతి చెల్లెలు భువనేశ్వరి అక్కడ ఇపో అనే ఊళ్లో ఉంటుంది. మొగుడు ప్రభుకి రబ్బరు గ్లౌజుల ఫ్యాక్టరీలో పని. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు ఆ పిల్ల కడుపు పండింది. తల్లి లేదు కాబట్టి కాన్పుకు అక్క పోవాలి. పోవాలని గోమతి నోరు తెరవకముందే తంగవేల్ అటక మీది సూట్‌కేసు దించి దుమ్ము దులిపి, జిప్పుకు కొబ్బరినూనె కూడా రాశాడు.

"ఇంత తొందర ఏంటికి మామా?" అంది గోమతి. మొగుణ్ణి మామా అనడం ఆ తమిళ సీమ వాడుక.

"నీ చెల్లెలంటే నాకు పాశం, అంత ప్రేమ."

"పాశమా? సరి. అయితే మొక్కు నువ్వే తీర్చు."

మొక్కు ఇదీ. భువనేశ్వరి సుఖంగా ప్రసవిస్తే, పెరుమాళ్ల నెల అయిన పురటాసిలో కడపటి శనివారం తంగవేల్ నామం పెట్టుకుని, ఇత్తడి చెంబు పట్టుకుని, గోవిందా అంటూ ఇంటింటికీ పోయి బియ్యం అడగాలి. ఆ బియ్యం వండి పెరుమాళ్లకు పెట్టాలి. వాళ్లలో అది నామోషీ కాదు. మిల్లు ఓనర్లు సైతం కారు దిగి, చెప్పులు విడిచి, చెంబు పట్టుకుంటారు.

కానీ తంగవేల్‌కి నామోషీయే. పోయిన ఏడు ఎదురు షాపు మెకానిక్ రాజ్‌మోహన్ చెంబుతో వాకిట్లోకి వస్తే, నలుగురూ వినేట్టు ఇతనొక మాట అన్నాడు. "చేతులు బాగానే ఉండాయి కదన్నా, పని చేసుకుని బతకరాదా?" రాజ్‌మోహన్ ఏమీ అనలేదు. బియ్యం తీసుకుని పోయాడు. ఏమీ అనకుండా పోయినవాడి వాకిట్లోకి చెంబుతో పోయి నిలబడడమంటే, దానికన్నా పోదనూరు జంక్షన్లో పట్టాల మీద పడుకోవడం మర్యాద.

తల పోయినా చెంబు ఎత్తను అన్నాడు. గోమతి పెట్టె సర్దుతూనే చాలాసేపు ఆలోచించి ఒక బేరం పెట్టింది. పురటాసి అంతా ఇంట్లో నీసు తగలకూడదు, అది ఎలాగూ ఉన్న ఆచారమే. ఆ నెల పొడుగునా అతను ఒక్క ముక్క ముట్టకుండా ఉంటే, వచ్చే ఏడు చెంబు ఆమే ఎత్తుతుంది. ముట్టాడా, ఈ ఏడే, అతనే.

"సరి," అన్నాడు తంగవేల్. మలేసియా ఎంత దూరమో అతనికి తెలుసు. కోడికాలు వాసన సముద్రం దాటదని ఇంకా బాగా తెలుసు. చెంబూ ఎత్తకూడదు, మాంసమూ మానకూడదు. మగాడన్నవాడికి ఒక పట్టుదల ఉండాలి.

గోమతి విమానం ఎక్కింది. ఆ సాయంత్రం ఏడు గంటలకు తంగవేల్ కాళ్లు బార్లా చాపి కబడ్డీ పెట్టాడు. ఆట మొదలయిందో లేదో ఫోను మోగింది.

అవతల గోమతి ముక్కు చీదుతోంది. చెల్లెలికి ఏమన్నా అయిందేమోనని ఇతను లేచి కూర్చున్నాడు. చెల్లెలు బాగుంది. సీరియలే రాలేదు. ఫోనులో ఆ చానల్ యాప్ తెరిస్తే, ఈ కార్యక్రమం మీ దేశంలో చూడడానికి వీలు లేదు అని నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వస్తున్నాయట. హీరోయిన్‌ని విలన్ గోడౌన్లో పెట్టి తాళం వేసిన రోజే ఆమె బయల్దేరిందట. ఆ పిల్ల ఏమయిందో తెలియకుండా తనకు ముద్ద దిగదట.

తంగవేల్‌కి జాలి వేసింది. జాలికన్నా ఎక్కువగా కబడ్డీ పోతుందని భయం వేసింది. ఆ రాత్రికే కేబుల్ మాయాండిని పట్టుకున్నాడు. మాయాండి వీధిలో కేబుల్ వైర్లు లాగుతాడు. ఇంటర్నెట్టు మొత్తం ఆ వైర్ల మీదే వేలాడుతోందని అతని లెక్క. వీపీఎన్ అని ఒకటి ఉంది, అది వేసుకుంటే మనిషి ఇపోలో ఉన్నా యాప్ మాత్రం ముంబైలో ఉన్నాడనుకుంటుంది అన్నాడు. అంటే దేశం పేరు చెప్పి ఆపినవాణ్ణి దొంగ అడ్రసు చెప్పి దాటడం. తంగవేల్‌కి ఆ ఉపాయం తెగ నచ్చింది.

ప్రభు అక్కడ వీపీఎన్ వేశాడు. యాప్ ముంబై అని నమ్మింది. నమ్మి, ఎందుకైనా మంచిదని, గోమతి ఇండియా నంబరుకు ఓటీపీ పంపింది. ఆ సిమ్ము పోదనూరులో, పాత ఫోనులో, బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. తంగవేల్ చీరలన్నీ లాగి నేల మీద పోసి, ఫోనుకు చార్జింగ్ పెట్టి, అది లేచి కూర్చునేసరికి ఓటీపీ చచ్చిపోయింది. ఇంకొకటి అడిగారు. ఇతను అంకెలు చదివేలోపల అదీ చచ్చిపోయింది. చివరికి ఒకటి బతికి బయటపడితే, యాప్ కాసేపు బొంగరంలా తిరిగి, మీరు వీపీఎన్ వాడుతున్నారు, తీసేయండి అంది. తనని ఎనిమిదో తరగతిలోనే బడి మాన్పించిన హెడ్‌మాస్టరు కూడా ఇంత మర్యాదగా అవమానించలేదు.

"ఇదంతా వద్దు మామా," అంది గోమతి. "నువ్వు వీడియో కాల్ చేసి, ఫోను టీవీకి ఎదురుగా నిలబెట్టు. నేను అట్లే చూసుకుంటాను."

దానితో కబడ్డీ కథ ముగిసింది. పెండ్లాం మలేసియాలో ఉన్నా రిమోటు ఆమె చేతిలోనే ఉంది. తంగవేల్ బియ్యం డబ్బా మీద ఫోను ఆనించి, కెమెరాను టీవీ వైపు తిప్పి, వెనక సోఫాలో కూలబడి పళ్లు కొరికాడు. ఆమె తన వైపు కెమెరా ఆపేసేది. నెట్టు కాలిపోతుందని చెప్పింది.

రెండో రోజో మూడో రోజో అతని బుర్రలో లైటు వెలిగింది. ఫోను టీవీని చూస్తోంది. టీవీ గోడౌన్‌ని చూపిస్తోంది. ఫోను వెనక కూర్చున్న తనని ఎవరూ చూడడం లేదు. మరీ మంచిది, ఆ సమయంలో గోమతి కళ్లు సీరియల్‌కి అతుక్కుని ఉంటాయి. దొంగతనంగా తినడానికి లోకంలో ఇంతకన్నా భద్రమైన సమయం లేదు.

మర్నాడు మెస్సు నుంచి పల్లిపాళయం కోడి వేపుడు వచ్చింది. పురటాసిలో కొనేవాడు లేక, మెస్సువాడు దేవుడు ఎదురైనట్టు లేచి నిలబడి కట్టి ఇచ్చాడు. తంగవేల్ ట్యూబ్‌లైటు వేసుకున్నాడు, ఎముకలు తీసుకోవాలి కదా. అరిటాకు విప్పాడు. టీవీలో గోడౌన్ తారు పీపాలా నల్లగా ఉంది. ఆ చీకట్లో ఎక్కడో హీరోయిన్ ముక్కు ఎగబీలుస్తోంది. ఇతను ఇక్కడ మిరపకాయలు తగిలి ఎగబీలుస్తున్నాడు. ఎవరిది ఏ శబ్దమో బ్రహ్మ కూడా చెప్పలేడు.

సీరియల్ అయ్యాక గోమతి ఏం తిన్నావని అడిగింది.

"పెరుగన్నం. నారదబ్బ ఊరగాయ."

"పాపం," అంది గోమతి.

ఆ పాపం అన్న మాట ఎవరిని ఉద్దేశించిందో అతను ఆలోచించలేదు.

తర్వాత రోజుల్లో నెత్తళ్ల చేపలు వచ్చాయి, కౌజు పిట్ట వచ్చింది, మూలుగ బొక్కలు వచ్చాయి. ఇంట్లో ఆచారం భరించలేక మాయాండీ వచ్చాడు. ఇద్దరూ బనీన్లతో సోఫాలో పక్కపక్కన కూర్చుని, మాట లేకుండా, సైగలతో ముక్కలు పంచుకునేవాళ్లు. గోడౌన్లో హీరోయిన్ నోట్లో గుడ్డలు కుక్కారు. వీళ్ల నోట్లో మాంసం ఉంది. మొత్తం మీద ఆ గంటసేపు ఇల్లు ధ్యాన మందిరంలా ఉండేది.

ఒకరోజు మాయాండికి వెక్కిళ్లు పట్టుకున్నాయి.

"ఏం సద్దు మామా అది?" అంది ఫోను.

"గోడౌన్లో ఎలుక."

"బలే పెద్ద ఎలుకే," అంది ఫోను. వెనకాల కిసకిసలాంటి మోత ఏదో వినిపించింది. నెట్టు సరిగ్గా లేదని మాయాండి కళ్లతోనే చెప్పాడు.

ఇంకొకరోజు తంగవేల్ గొంతులో బొక్క అడ్డం పడింది. దగ్గు వస్తే దొరికిపోతాడు. కళ్ల నీళ్లు కారుతున్నా కిక్కురుమనకుండా గుండెలు రుద్దుకున్నాడు. అప్పుడే ఫోనులోంచి ఎవరిదో అరుపు, దాని వెనకే గోమతి గొంతు వచ్చాయి. "నీళ్లు తాగు." గబుక్కున తాగాడు. బొక్క దిగింది. చూలాలైన చెల్లెలికి ఎంత సరైన సమయానికి చెప్పిందో అనుకుని, పెండ్లాం మీద కాస్త ప్రేమ కూడా పుట్టింది.

పురటాసి కడపటి వారంలో భువనేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. గోమతి ఫోను చేసి, ఆ రోజే మొదటిసారి తన వైపు కెమెరా పెట్టి, ఎర్రటి పసిముఖం చూపించింది. తంగవేల్‌కి నిజంగానే కళ్లు చెమర్చాయి. ఆ చెమ్మ ఆరకముందే చెంబు గుర్తొచ్చింది.

"మాట ప్రకారం నేను ముట్టలేదే గోమతీ. పెరుగన్నం తిని తిని నాలుక చచ్చిపోయింది. వచ్చే ఏడు చెంబు నీదే."

"సరి మామా. మొన్నటి మూలుగ బొక్క బాగుండిందా?"

తంగవేల్ గబగబా మూతి తుడుచుకున్నాడు.

గోమతి తాపీగా చెప్పుకుపోయింది. మాయాండి బనీనుకు పొట్ట మీద చిరుగు ఉంది, కుట్టించుకోమను. నెత్తళ్లు తిన్న చేయి సోఫా తలగడకు తుడిచినావు, అది నేను వచ్చేలోగా ఉతికి ఉండాలి. కౌజు కాలు నువ్వు వాడికి ఇచ్చి ఉండాల్సింది, వాడు దాని వైపు చూసిన చూపుకు ఇక్కడ అందరికీ కడుపు తరుక్కుపోయింది.

"ఎవరు చెప్పిరి నీకు?"

"నువ్వే చూపిస్తివి. టీవీ గాజు కదా మామా. తెర నల్లబడితే అద్దం. ఆ పిల్ల చీకటి గోడౌన్లో ఉన్నన్ని దినాలూ మాకు నువ్వే కనిపిస్తివి. పైన ట్యూబ్‌లైటు కూడా వేసుకుంటివి."

"మాకా? మాకంటే?"

మాకంటే గోమతి, భువనేశ్వరి, ప్రభు, కింది అంతస్తు వాళ్లు, ఎదురింటి చీనా అవ్వ. చిన్న ఫోనులో ముఖం సరిగ్గా కనబడడం లేదని ప్రభు దాన్ని గోడ మీది పెద్ద టీవీకి కలిపాడట. అవ్వకు భాష రాకపోయినా కథ అర్థమయిందట. బొక్క అడ్డం పడిన రోజు అందరికన్నా ముందు లేచి అరిచింది ఆవిడేనట.

కడపటి శనివారం పోదనూరు వీధిలో తంగవేల్ నడిచాడు. నుదుటి మీద మూరెడు నామం, నడుముకు పసుపు పంచె, చేతిలో చెంబు. చొక్కా వేసుకోకూడదు కాబట్టి ఫోనును మెళ్లో తాడు కట్టి వేలాడదీయమని గోమతి హుకుం. కెమెరా వీధి వైపు. ప్రతి వాకిట్లోనూ ఇతను ఒక గోవిందా అంటే, గుండెల మీద ఇపో మొత్తం ఇంకొక గోవిందా అంది.

రాజ్‌మోహన్ షాపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ముందుకు పో మామా అంది ఫోను. పోయాడు.

రాజ్‌మోహన్ స్పానర్ కింద పెట్టి లేచాడు. చేతులు కడుక్కున్నాడు. లోపలికి పోయి చేట నిండా బియ్యం తెచ్చి, చెంబు పొంగి పొర్లేదాకా పోశాడు. ఆ మాట ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని తంగవేల్ వంచిన తల వంచినట్టే నిలబడ్డాడు. రాజ్‌మోహన్ అనలేదు. వంగి, మెళ్లోని ఫోనులోకి చూసి, "అక్కా, బియ్యం పడింది కనిపించిందా? లేకుంటే మళ్లీ పోస్తాను," అన్నాడు.

"మళ్లీ పోయ్ తంబీ," అంది గోమతి.

ఆ బియ్యం వండి, పెరుమాళ్లకు పెట్టి, వీధికి పంచి, సాయంత్రానికి తంగవేల్ సోఫాలో పడ్డాడు. కనీసం ఈ అవమానానికి కారణమైన ఆ హీరోయిన్ గతి ఏమయిందో తెలుసుకుందామని ఫోను చేసి అడిగాడు. ఇన్నాళ్లు ఎదురుగా కూర్చుని ఒక్క ముక్క వినలేదు కదా.

"అయ్యో, ఆమె గోడౌన్లోంచి ఎప్పుడో బయటపడింది మామా. మేము ముందుగానే చూసేసేవాళ్లం."

"ఎట్లా? మీ దేశంలో రాదు కదా?"

"మొదటి వారమే ఇక్కడి కేబులు వాడు ఆ చానల్ ఇచ్చేశాడు. ఇక్కడ ఏడు గంటలు మీకన్నా ముందే అవుతుంది. మాకు నీకన్నా బాగా కనిపిస్తుంది."

"మరి దినామూ నాతో ఫోను పెట్టించింది ఏంటికి?"

అది వేరే సీరియల్ కదా మామా అంది గోమతి.

మర్నాడు ఏడు గంటలకు తంగవేల్‌కి అడ్డం చెప్పేవాళ్లు లేరు. కబడ్డీ పెట్టాడు. నిజంగానే పెరుగన్నం కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిని, ఫోను వైపు చూశాడు. అది మోగలేదు. ఇంకొక ముద్ద తిన్నాడు. లేచి పోయి చేయి కడుక్కుని, తల దువ్వుకుని, ఉతికిన తలగడ సర్ది, బియ్యం డబ్బా మీద ఫోను ఆనించి కాల్ చేశాడు. టీవీ ఆపేశాడు. తెర నల్లబడింది. మళ్లీ కంచం ముందు కూర్చున్నాడు.

"ట్యూబ్‌లైటు వెయ్యి మామా," అంది గోమతి. "ఏమీ కనిపించడం లేదు."