కంచు గేరు

మా మావగారిని ఆసుపత్రిలో చేర్పించడానికి నేనేసిన పథకం చెబుతాను. నవ్వొచ్చిన చోట నవ్వండి. నేనైతే నవ్వలేను.

ఆయన ఒకప్పుడు కార్ల పందేల్లో ఆరితేరిన మనిషి. ఇప్పుడు ఊపిరితిత్తులు రెండూ చేతులెత్తేశాయి. వెంటనే చేర్పించమన్నాడు డాక్టరు. "గొట్టాల మధ్య పోను, నా మంచం మీదే పోతాను," అన్నారీయన. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా మావగారు ఆ మొండివాడికి మావగారు.

ఆయనకున్న బలహీనత ఒక్కటే, వాకిట్లో పట్టా కప్పుకుని పడుకున్న పాత పందెం కారు. అందులో షికారంటే కాదనరు. షికారని ఎక్కించి, తిన్నగా ఆసుపత్రి గుమ్మంలో దించేయాలని నా ఎత్తు.

"మా నాన్నకి కారు చూపించి టోకరా వేస్తారా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది," అంది మా ఆవిడ.

"ఆ దగ్గులు తగ్గించాలనేగా నా తాపత్రయం!"

"ముందు మీ తెలివి తగ్గించుకోండి."

ఆ కారు ఇంజిన్‌కి డిస్ట్రిబ్యూటర్ అని ఒక భాగం, దాని అడుగున చిన్న గేరుంటుంది. ఇంజిన్ లోపలి క్యామ్‌షాఫ్ట్ పళ్లు దాన్ని తిప్పుతుంటే ప్లగ్గులకి వేళకి నిప్పు అందుతుంది. మావగారు మెత్తటి కంచు గేరే వాడేవారు. అది అరిగిపోయేది, మళ్లీ కొత్తది వేసేవారు. దారిలో ఆగిపోతే నా పథకం గంగలో కలుస్తుందని, నేను గట్టి ఉక్కు గేరు బిగించాను.

"నాన్నని అడిగారా?"

"అడిగితే గుట్టు బయటపడదూ?"

మర్నాడు పొద్దున ఆయన పందేలనాటి తోలు జాకెట్ వేసుకున్నారు. జాకెట్ వచ్చింది, లోపల మనిషేడీ అన్నట్టుంది. నేను స్టార్ట్ చేయగానే ఆయన తల పక్కకి వాల్చి విన్నారు. "సొరుగులో నా కళ్లజోడు పెట్టె ఉంది, తీసుకురామ్మా," అన్నారు కూతురితో. అది జేబులో వేసుకుని హాయిగా నవ్వారు. నేనూ నవ్వాను, నా గెలుపుకి.

ఊరు దాటాక కారు రెండుసార్లు తుపాకీలా పేలి, ఖాళీ పొలాల మధ్య ఆగిపోయింది. బానెట్ ఎత్తి నేను గంభీరంగా చూస్తూ నిలబడ్డాను.

"ఏమైందండీ?" అంటూ వెనక సీట్లోంచి దిగింది మా ఆవిడ.

"వేడెక్కింది."

"కారా, మీరా?"

చిన్నప్పుడు తండ్రికి పానాలు అందించిన చెయ్యి ఆవిడది. నన్ను పక్కకి నెట్టి డిస్ట్రిబ్యూటర్ పైకి లాగింది. నూనెలో ఇనుప రజను మెరుస్తోంది.

"చూశావా, గేరుకి గీత కూడా పడలేదు!" అన్నాను.

"అవును. లోపలి పళ్లని తినేసింది."

సీట్లోంచి మావగారి గొంతు సన్నగా వినిపించింది. "మార్చగలిగేదే అరగాలి, అల్లుడూ. అది అరగనని భీష్మించుకుంటే, మార్చలేనిది అరిగిపోతుంది." కళ్లజోడు పెట్టె తెరిచారు. అందులో కంచు గేరుంది.

"మీకు ముందే తెలుసా మావయ్యా!"

"ఊపిరితిత్తులు పోయాయి గానీ చెవులు పోలేదుగా. షికారుకెళ్లేవాడికి డిక్కీలో పైజామాలెందుకు?"

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే టాక్సీ పిలిచేవాడివి."

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆవిడ కంచు గేరు బిగించింది. ఇంజిన్ దగ్గుతూ లేచింది. ఆయన కళ్లు మూసుకుని, చెవితోనే డిస్ట్రిబ్యూటర్ తిప్పించారు. "ఇంకాస్త ఎడమకి... ఊఁ... అక్కడ ఆపు." ఇంజిన్ గొంతు సర్దుకుంది. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"లోపల మిగిలిన పళ్లు ఒక్క ప్రయాణానికే వస్తాయి," అన్నారు. "ఎటో నువ్వే చెప్పమ్మా."

ఆవిడ గ్రీజు చేతులతోనే కళ్లు తుడుచుకుంది. ఆయన్ని బతికించుకోవాలన్న ఆశ నాకంటే ఆవిడకే ఎక్కువ. ముందు ఆసుపత్రి దారి చూసింది, తర్వాత తండ్రిని చూసింది.

"మీరు వెనక్కి వెళ్లి కూర్చోండి," అని నాతో అని, స్టీరింగ్ పట్టుకుని కారు ఇంటివైపు తిప్పింది.

ఆ వారంలోనే ఆయన పోయారు, తన మంచం మీదే. కారు మళ్లీ స్టార్ట్ కాలేదు.

ఉక్కు గేరు మాత్రం చెక్కుచెదరలేదు. వంటింటి గూట్లో ఉంటుంది. నేను "నాకో ఉపాయం తట్టిందోయ్" అంటే మా ఆవిడ పోట్లాడటం మానేసింది. మాట్లాడకుండా దాన్ని తెచ్చి నా కాఫీ కప్పు పక్కన పెట్టి వెళ్లిపోతుంది.