రెండు కంప్యూటర్లు, ఒక ఇంటిపేరు

ఆ గురువారం ఉదయం ఫల్గుణ చేయాల్సిన పనులు కాగితం మీద రాసుకున్నాడు. ఒకటి, ల్యాప్‌టాప్‌ను ప్రింటరుతో కలపడం. రెండు, నలభై రెండు మంది కాఫీ రైతుల జాబితా అచ్చు తీయడం. మూడు, పెద్దల సంతకాలు, వేలిముద్రలు. నాలుగు, పదకొండు గంటల జీపులో అరకు వెళ్లి ఆఫీసులో ఇవ్వడం. ఈరోజు దాటితే సేంద్రియ కాఫీ ధ్రువపత్రం మళ్లీ ఏడాదికి గానీ రాదు. డుంబ్రిగుడ దగ్గరి ఆ ఊళ్లో మొదటి డిగ్రీ ఫల్గుణదే కాబట్టి, పని చెడితే మాట పడేదీ అతనే.

చిక్కంతా మొదటి పనిలోనే ఉంది. ప్రింటరు ఫల్గుణ విండోస్ కంప్యూటరుకు ఉంది. జాబితా అతని భార్య రాజకుమారి పుట్టింటి నుంచి తెచ్చుకున్న లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఉంది. పేర్లన్నీ ఎక్కించింది ఆమే. దానికి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు పాడైంది. కొండ మీద నెట్ రెండు రోజులుగా లేదు. మిగిలింది, నెట్ లేకపోయినా రెండింటినీ కలపగల ఇంటి వైఫై ఒక్కటే. రెండింటికీ ఒకే గ్రూపు పేరు ఉండాలని చదివి, తన ఇంటిపేరు ‘కిల్లో’ అని రెండింట్లోనూ కొట్టాడు. ఒకదానికొకటి కనిపించాయి. నిశ్చింతగా స్నానానికి వెళ్లాడు.

వచ్చేసరికి ప్రింటరు కనిపించలేదు. ల్యాప్‌టాప్‌లో ‘కిల్లో’ పోయి పాత పేరు వచ్చి కూర్చుంది. మళ్లీ మార్చి టీ తాగి వచ్చాడు. మళ్లీ పోయింది.

ఎవరో వైఫైలోకి దూరారు. అనుమానం పక్క కొట్టు గణపతిరావు మీదికి పోయింది. విజయనగరం నుంచి వచ్చి మిరియాలు, కాఫీ కొనే షావుకారు. పాస్‌వర్డు ఆయనకు తెలుసు. రైతుల పేర్లు ఆయనకు పనికొస్తాయి. ఫల్గుణ పాస్‌వర్డు మార్చాడు. అయినా పేరు పోయింది. ఇక తిన్నగా కొట్లోకి నడిచాడు.

“షావుకారూ, మా జాబితాతో నీకేటి పని?”

“నానేటి సేసినాను బాబూ? నా ఫోను నిన్ననే నీళ్లలో పడిపోనాది. తడి ఆరతాదని బియ్యంలో పెట్టినాను, సూడు.”

ఫోను బియ్యంలో దాచాడనగానే ఫల్గుణ అనుమానం రెట్టింపయింది. డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాడు, బియ్యం నేలపాలైంది. సంతకాలకు వచ్చిన పెద్దలు సంగతి విని, గణపతిరావుకు అమ్మడానికి తెచ్చిన మిరియాల మూటలు తిరిగి భుజాలకెత్తుకున్నారు. అప్పటికి పదిన్నర.

గుమ్మంలోంచి రాజకుమారి అంది: “ఊరందర్నీ అడుగుతావు, నన్నడగవేటి? ఆ పేరు తీసింది నానే.”

“ఎందుకు తీసినావు?”

“అది మా అన్న ఇచ్చింది. మా పుట్టింటి కొర్రా వోళ్లది. దానికి కిల్లో అని పెడితే నాను నీకేటవుతాను?”

“సెల్లెలవుతాది,” అంది ఫల్గుణ తల్లి సోములమ్మ. “పెద్దలొచ్చేలోగా తీసీమని నానే సెప్పినాను.”

ఆ కొండ గిరిజనుల్లో ఆడపిల్ల పెళ్లయినా పుట్టింటి పేరు వదలదు. ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నాచెల్లెళ్లు. డిగ్రీలో ఎంత చదివినా ఫల్గుణకు ఇది తట్టకపోవడం పెద్దలకు వింతగా ఉంది. రెండింటికీ ‘కొర్రా’ పెట్టినా అదే తప్పు. పెద్దలు ఇంకే ఇంటిపేరు చెప్పినా ఎవరికో ఒకరికి అన్న వరసో, బావ వరసో అవుతోంది. చివరికి ఎవరికీ ఏ వరసా కాని మనిషి ఒక్కడే మిగిలాడు. ఆయన నేల మీద బియ్యం ఏరుకుంటున్నాడు.

రెండు కంప్యూటర్లకూ ‘గణపతిరావు’ అని పెట్టారు. ప్రింటరు మాట విన్నది. వేలిముద్రలు ఆరకముందే ఫల్గుణ జీపెక్కాడు. మిరియాల మూటలు తిరిగి కొట్లోకి దిగాయి.

మీరెప్పుడైనా ఆ వైపు వెళ్లి, కంప్యూటరు తెరిచి చూసినప్పుడు ఆ పేరు కనిపిస్తే దొంగ అనుకోకండి. గణపతిరావును ఒక్కసారి తలుచుకోండి. ఆయన ఫోను ఇంకా బియ్యంలోనే ఉంది.